ఎర్రగాజు వెనక ఆరు గళ్ళు

చోడవరం,
19-7-1956, గురువారం,
ఉదయం 7-10

చిరంజీవి ఏసుమణిని మామ్మ దీవించి రాయునది.

ప్రభువు దయవల్ల ఇక్కడ నేను క్షేమం. నీకు ఒంట్లో బాగుందనీ, హాస్టల్లో వేళకి తింటున్నావనీ అనుకుంటున్నాను. మీ నాన్న ఆదివారం మాడుగుల నుంచి వచ్చి, ఆరాధనకి నాతో కూర్చుని, మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయాడు. మీ అమ్మకి దగ్గు తగ్గిందిట. ఇక్కడ నాలుగు రోజులుగా ఒకటే వాన. వెనక చెరకు తోటలో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి.

నీ ఉత్తరం మంగళవారం పన్నెండున్నరకి అందింది. వచ్చిన ఉత్తరానికి రెండు రోజులు జవాబు రాయకుండా ఉండడం నా అలవాటు కాదు. నిన్న రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది మూడోది. దీన్ని చింపను. నాలుగు గంటల బస్సుకి టపా సంచీ వెళుతుంది. అందులో పడితే శనివారానికి వాల్తేరులో నీ చేతికి వస్తుంది. నిన్ను రమ్మన్నది సోమవారం పదిన్నరకి కదా.

ముందు నువ్వు రాసిన సంగతి నా మాటల్లో తిరిగి రాస్తాను. పాఠం అప్పజెబుతున్నాననుకో. తప్పుంటే దిద్దు.

సోడియం, పొటాషియం లాంటి క్షారలోహాల మీద వెలుతురు పడితే వాటిలోంచి ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. కాని ఏ వెలుతురు పడితే ఆ వెలుతురు పనికిరాదు. ఊదా రంగుదీ, నీలం రంగుదీ ఎంత మసకగా ఉన్నా ఆ పని చేస్తుంది. ఎర్రది ఎంత కుమ్మరించినా చెయ్యదు. ఇది యాభై ఏళ్ళుగా పెద్దవాళ్ళంతా చూసి ఒప్పుకున్న సంగతి. నీ రిపోర్టులో మాత్రం, మూడు అద్దాలతో ఎండని మళ్ళించి ఎర్రగాజు గుండా పంపితే పొటాషియం లోంచి ఎలక్ట్రాన్లు వచ్చాయని ఉంది. దానికి ఆధారం మే 17న మన ముందుగదిలో నేను రాసిన పుస్తకంలో ఆరు గళ్ళు. ఆరింటిలోనూ మూడు, మూడు అనే ఉంది. ఆ ఆరు అంకెలూ తీసెయ్యమని మీ లెక్చరరు గణపతిరావుగారు చెప్పారు. నువ్వు తియ్యనన్నావు. సోమవారానికి తియ్యకపోతే రిపోర్టు పుచ్చుకోరు. ఏడాది పోతుంది. అంకెలు ఇంట్లో కూర్చుని వండుకొచ్చిందన్న మాట నీ పేరు పక్కన ఉండిపోతుంది. నా చేతి పుస్తకం పంపిస్తే, నా దస్తూరీ చూపించి వాళ్ళ నోళ్ళు మూయిస్తానని రాశావు.

ఇంతేనా? ఇంతే అయితే నాకు అర్థమైంది.

పుస్తకం పంపడం లేదు. ఈ వానకి టపా సంచీలో తడిసిపోతుంది. సిరా పాకితే ఏ అంకె ఏదో తెలియదు.

ఇక్కడ లేచి వీధి గుమ్మం దాకా వెళ్ళి వచ్చాను. గుమ్మంలో ఎవరూ లేరు. ఈ మూడు రోజులూ ఇదే వరస. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎందుకు లేచానో తెలియదు. నిన్న బియ్యం ఏరుతూ ఏరిన బియ్యాన్నే మళ్ళీ చేటలో పోసుకున్నానని నూకరత్నం నవ్వింది. ఇన్నేళ్ళుగా ఇంటి పని చేస్తోంది కనక దానికి నన్ను చూసి నవ్వే చనువుంది.

ఆ మే నెల పది రోజులూ నాకు బాగా గుర్తున్నాయి. కాలేజీ సెలవులని, ఎండ ఇక్కడ నిలకడగా ఉంటుందని, గణపతిరావుగారు సంతకం పెట్టించుకుని నీకు ఆ రెండు గాజు బుడ్లూ ఇచ్చారు. గాలి తీసేసి మూసిన బుడ్లు. ఒకదాని లోపల సోడియం, రెండోదాని లోపల పొటాషియం, కళాయి పూసినట్టు మెరుస్తూ. బస్సులో వాటిని ఒళ్ళో పెట్టుకుని, చంటిపిల్లలకి చెప్పినట్టు మాటలు చెబుతూ తెచ్చావు. బుడ్డిని కర్రపెట్టెలో పెట్టి, నల్లగుడ్డ చుట్టి, ఒక్క వైపు మాత్రం చిన్న కిటికీ విడిచి, దానికి రంగు గాజు బిగించావు. బుడ్డిలోంచి ఒక తీగ బయటికి వచ్చి బంగారు రేకుల పెట్టె మీద ఇత్తడి బొడిపెకి తగిలేది. లక్క కడ్డీని ఉన్ని గుడ్డ మీద రుద్ది ఆ బొడిపెకి తాకిస్తే లోపల రేకు లేచి నిలబడేది. ఎలక్ట్రాన్లు పోతున్నకొద్దీ రేకు దిగాలి. రేకు పక్కన గీసిన గీతల్లో ఎన్ని దిగిందో పది నిమిషాలకోసారి గడియారం చూసి రాయడం నా వంతు. నువ్వు పెరట్లో ఎండలో అద్దం పట్టుకుని సూర్యుడి వెంట తిప్పడం నీ వంతు. మొదటిరోజే నాకు చెప్పావు, బొడిపెని చేత్తో ముట్టుకోవద్దు మామ్మా, ముట్టుకుంటే ఉన్నదంతా మన ఒంట్లోంచి నేలలోకి పోతుంది అని. గట్టిగానే చెప్పావు. నా గొంతే నాకు వినిపించినట్టయింది.

నీలం గాజు పెట్టినప్పుడు రేకు నలభై రెండు సెకన్లలో దిగిపోయింది. నేను నమ్మలేక మూడుసార్లు చూశాను. ఆ గాజు గుండా వచ్చే వెలుతురులో సూదిలో దారం కూడా ఎక్కించలేం. ఎర్రగాజు పెడితే గది గోడంతా ఎర్రబడేది గాని రేకు కదిలేది కాదు. గుమ్మంలో నిలబడి చూసిన నూకరత్నం అన్న మాట నీకు చెప్పానో లేదో. "మా అత్తా ఇలగే టీచరమ్మా. నాను పొద్దల్లా అరిసినా మంచం దిగదు. మా ఆడపడుసు వొచ్చి సెవిలో ఓ మాట ఏస్తే సాలు, సెంగున లేస్తాది" అంది. నువ్వు పెరట్లోంచి విని, అద్దం వదిలేసి మరీ నవ్వావు. ఆ పూట లెక్క పాడైందని ఇద్దరినీ కేకలేశాను.

9-40

మీ నాన్న ఆదివారం చెప్పిన మాట ఇప్పుడు రాయాలి. రాయకుండా దాటెయ్యాలని చూశాను.

గణపతిరావుగారు నిన్ను గదిలోకి పిలిచి మర్యాదగానే అడిగారుట. ఆరు అంకెలూ ఒక్కలాగే ఉన్నాయేమిటని అడిగారుట. "మీ మామ్మగారు పెద్దావిడ. మే నెలలో భోంచేసి కుర్చీలో కూర్చుంటే ఎవరికైనా కునుకు పడుతుందమ్మా. అదేం తప్పు కాదు" అన్నారుట. దానికి నువ్వు, "మా మామ్మ పగలు నిద్రపోవడం మా నాన్న కూడా చూడలేదండీ, తమరెప్పుడు చూశారు?" అన్నావుట. అంతటితో ఆయనకి కోపం వచ్చింది. లేకపోతే అంకెలు తీసేసి ఊరుకునేవారని మీ నాన్న అంటాడు.

మీ నాన్న కుర్చీలో కూర్చోలేదు. నిలబడే, గొడుగు చేతిలో పట్టుకునే చెప్పాడు. "అమ్మా, ఆ గుంట నా మాట వినటం లేదే. పుస్తకాల్లో ఉన్నది తప్పైనా కావచ్చు గాని మామ్మ అంకె తప్పదంటాది. సదువు పోతే పోనీ, మామ్మని అబద్ధాలకోరు అననివ్వనంటాది. నీ మాటొక్కటే వింటాది. నువ్వే రాయాల" అన్నాడు. వాడు అంతసేపు మాట్లాడడం నేను చాలా కాలానికి విన్నాను.

పెద్దలతో అలా మాట్లాడకూడదు మణీ. వెళ్ళి క్షమించమని అడుగు. ఆయన ఏమన్నారన్నది వేరే సంగతి. నా పేరు చెప్పి ఎవరితోనూ తగువు పెట్టుకోవద్దు. అంత అవసరం లేదు.

ఆ ఆరు అంకెలూ తీసెయ్యి. పెద్దదాన్ని, చెబుతున్నాను. తీసెయ్యి.

మధ్యాహ్నం 12-15

ఎందుకు అని అడుగుతావు. అడగమని నేర్పింది నేనే. కారణం లేకుండా ఎవరు చెప్పినా, నేను చెప్పినా, ఒప్పుకోవద్దని నీకు ఏడో ఏట చెప్పాను. అందుకని పొద్దుటి నుంచి కారణాలు వెతుకుతున్నాను.

గాజులో సందు ఉండి తెల్ల వెలుతురు పడి ఉంటుందని రాద్దామనుకున్నాను. అదే గాజుని కాలేజీలో పరీక్ష చేయించాననీ, సందు లేదనీ నీ ఉత్తరంలో ఉంది. గాలిలో తేమకి రేకు దానంతట అదే దిగి ఉంటుందని రాద్దామనుకున్నాను. ముందురోజు గాజుకి కూడా గుడ్డ కప్పి గంటన్నర చూశాం. ఒక్క గీతైనా దిగలేదు, అదీ నా చేత్తోనే రాశాను. కాలేజీలో దీపంతో చేస్తే ఎర్ర వెలుతురుకి రేకు కదలలేదు కదా, అదే నిజమనుకో అని రాద్దామనుకున్నాను. దీపం వెలుతురు చాలదు, మూడు అద్దాల మే నెల ఎండ కావాలి, వానలు తగ్గేదాకా అది దొరకదు అని నువ్వే రాశావు. ఒక్కో కారణం రాయడం, కొట్టెయ్యడం. నీకు నేర్పిందే నాకు అడ్డం వస్తోంది.

ఒక పాత సంగతి గుర్తొస్తోంది. మన బళ్ళో వరండా గోడకి ఉష్ణమాపకం ఉండేది. రోజూ పదింటికి చూసి పుస్తకంలో రాసే పని నీకు తొమ్మిదో ఏట ఇచ్చాను. ఒకరోజు వానలో వెళ్ళడం ఇష్టంలేక నిన్నటి అంకె మీద ఒకటి తగ్గించి రాశావు. నేను ఆ పూట స్వయంగా చూసి ఉండడంతో దొరికిపోయావు. గడి ఖాళీగా ఉంటే తిడతావని రాశాను మామ్మా అన్నావు. నిజమే, ఖాళీ గడి ఉంచకూడదని ముప్ఫై ఒక్క ఏళ్ళు ప్రతి పిల్లకీ చెప్పాను. తప్పు అంకె చెరపకూడదు, గోకకూడదు. అది కనపడేట్టు ఒకే గీత అడ్డంగా కొట్టి, పైన నిజం రాసి, సంతకం పెట్టాలనీ చెప్పాను. నీ చేత ఆ గీత కొట్టించాను. పైన "చూడలేదు" అని రాయించాను. క్లాసు ముందు నిలబెట్టి చదివించాను. నువ్వు ఏడుస్తూ చదివావు. ఆ పుస్తకం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. నిన్న తీసి చూశాను. నీ సంతకంలో ణకి గుడి లేదు.

ఆ తరవాత నువ్వు ఏనాడూ చూడని అంకె రాయలేదు. నాకు తెలుసు. అందుకే వాళ్ళు నిన్ను ఆ మాట అంటే అన్నం దిగడం లేదు.

మే 17 మధ్యాహ్నం మూడింటికి నువ్వు ఎండకి మొహం కమిలిపోయి, చేతులు బొబ్బలెక్కి లోపలికి వచ్చావు. ఒక అద్దంతో మొదటి అరగంట సున్నా, సున్నా, సున్నా. రెండింటికి మిగతా రెండు అద్దాలూ నిలబెట్టాక మూడు, మూడు, మూడు, మూడు, మూడు, మూడు. పుస్తకం చూసి నన్ను కుర్చీతో సహా వాటేసుకున్నావు. ఇది ఎవరూ చూడలేదు మామ్మా, మనిద్దరమే చూశాం అన్నావు. ఆ రోజు నువ్వు చారు కూడా కలుపుకోకుండా అన్నం తినేశావు, ధ్యాస లేక.

రెండు నెలలుగా ఆ మాటే నా చెవిలో ఉంది.

ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు. నా మాట విని ఆ అంకెలు తీసెయ్యి. ఎందుకని అడక్కు. గణపతిరావుగారికి నా నమస్కారాలు చెప్పు. తలకి నూనె రాసుకో. వానలో తడవకు. పుస్తకం గురించి మళ్ళీ రాయవద్దు. అది తడవకుండా పంపే మార్గం లేదు.

నీ మేలు కోరే మామ్మ,
కె. వరమ్మ

తా.క.

2-55. కవరు అంటించి, మళ్ళీ విప్పాను.

ఉత్తరం ముగించి, రెండు ముద్దలు తిని, ముందుగదిలో ఆ కుర్చీలో కూర్చున్నాను. మే 17 తరవాత దానిలో కూర్చోవడం ఇదే. ఎవరో భుజం తట్టారు. చూస్తే నూకరత్నం. చేతిలో కవరు. "కింద పడిపోనాది టీచరమ్మా, తడి తగుల్తాది" అంది. నిద్రపోలేదే, కళ్ళు మూసుకున్నానంతే అన్నాను. అది మొహం పక్కకి తిప్పుకుని నవ్వింది. "రోజూ ఈ ఏళకి పడుకుంటారు. రోజూ పడుకోనేదంటారు. నానూ సరే అంటాను. ఇయ్యాల కొత్తేటి?" అంది.

ఎన్నాళ్ళ నుంచే అన్నాను. బడి మానేసినప్పట్నించీ అంది.

తరవాత అడగకుండానే చెప్పింది. "ఆ గుంట అద్దాలెట్టుకుని ఎండలో మాడిపోయిన నాడూ అంతే కదేటి. ఆ ఇత్తడి బొడిపి మీద సెయ్యేసుకుని గుర్రెడతన్నారు. లేపుదామా అనుకున్నాను. లేపితే నన్నే కేకలేస్తారని గిన్నెలు తోముకోడానికి ఎలిపోనాను."

మణీ, నేను నిద్రపోయాను. గణపతిరావుగారు అన్నది నిజం.

నిద్రపోయిన సంగతి నాకు ఆ రోజే తెలుసు. రెండింటికి చూసినప్పుడు రేకు పద్దెనిమిదో గీత మీద ఉంది. కళ్ళు తెరిచేసరికి మూడయింది, రేకు పూర్తిగా దిగిపోయి ఉంది. ఆరు గళ్ళు ఖాళీగా ఉన్నాయి. నీ అడుగుల చప్పుడు వినిపించింది. పద్దెనిమిదిని ఆరుతో భాగించాను. ఎర్ర వెలుతురు ఆలస్యంగా పనిచేసింది కాబోలు అనుకున్నాను గాని, రేకుని నేనే దించానని ఇవాళ నూకరత్నం చెప్పేదాకా తెలియదు. ముట్టుకోవద్దని నువ్వు చెప్పిన బొడిపె మీద గంటసేపు చెయ్యి వేసి పడుకున్నాను. అక్కడ ఎలక్ట్రాన్లు వెలుతురుకి బయటికి రాలేదు. నా ఒంట్లోంచి నేలలోకి పోయాయి.

నేను రాసింది అబద్ధమని ఆ క్షణాన అనుకోలేదు. గళ్ళు సరిపెట్టాననుకున్నాను. కాని నువ్వు వాటేసుకున్నాక, వదిలేసి, నా మొహంలోకి చూసి అడిగావు, "మామ్మా, నువ్వే చూశావు కదూ, ఆరుసార్లూ?" అని. చూడకుండా రాసే మనిషినా, ముప్ఫై ఒక్క ఏళ్ళు రిజిస్టరు రాసినదాన్ని అన్నాను. ఆ మాట మాత్రం తెలిసి చెప్పిన అబద్ధం. నువ్వు కాలేజీలో దాని మీద నిలబడ్డావు.

పుస్తకం పంపుతున్నాను. పెట్టెలో అడుగున మైనపు గుడ్డ ఉంది. అది ఉందని మంగళవారం నుంచీ నాకు తెలుసు. దానిలో చుట్టాను. రెండు పొరలు. సోమవారం నీ చేత్తో గణపతిరావుగారికి ఇవ్వు. నీ నోటితోనే ఆయనకి చెప్పు, మా మామ్మ నిద్రపోయిందండీ అని. ఆయన నవ్వితే నవ్వనీ. నువ్వు మాత్రం తల వంచుకోవద్దు. గంటన్నరసేపు ఎండలో అద్దాలు వదలకుండా నీ వంతు నువ్వు చేశావు. గోడ మీద ఆ ఎరుపు నేను కళ్ళు మూసేదాకా నిలకడగానే ఉంది.

ఎండలు వచ్చాక మళ్ళీ చెయ్యాలని ఉంటే రా. గడియారం దగ్గర నూకరత్నాన్ని కూర్చోబెడదాం. దానికి అంకెలు వచ్చు. నేను అద్దం పట్టుకుంటాను. ఎండలో నిలబడితే నిద్ర రాదు.

ఆరు గళ్ళలోనూ మూడు మీద ఒక్కొక్క గీత కొట్టాను. చెరపలేదు, గోకలేదు. ఆరింటి పైనా "చూడలేదు" అని రాసి, ఆరు సంతకాలు పెట్టి, ఇవాళ్టి తేదీ వేశాను. పైన మొదటి మూడు సున్నాల జోలికి పోలేదు. అవి చూశాను.